తొమ్మిది లీటర్లు

పెట్టెను లీటర్లలో కొలుస్తారని చెబితే
అక్క నవ్వింది.
"పాలా, కిరసనాయిలా?"
గాలి, అన్నాను.
తొమ్మిది లీటర్ల గాలి.
లోపల ఎవరికైనా అందులోనే ఊపిరాడాలి.

సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో
మాకున్నది ఒకటిన్నర గది.
సువార్తక్క గూడ్సు బండికి అసిస్టెంట్ లోకో పైలట్.
గూడూరు దాకా వెళ్ళి
ఇంజిన్ మోతను చెవుల్లో మోసుకొచ్చి
పగలు పదింటికి పడుకుంటుంది.
నాకు కొరియర్ గోదాంలో సాయంత్రం షిఫ్టు.
ఆమె నిద్రా నా ఆటా ఒకే వేళకి.
అడిగింది ఒక్కటే:
"ఏమైనా ఆడుకో. నాకు మాత్రం వినపడకూడదు."

పాత కంప్యూటర్ ఆట తెరవగానే
రుబ్బురోట్లో ఇసుక పోసి తిప్పినట్టుండేది.
అక్క దిండు తలమీదికి లాక్కునేది.
సగం చచ్చిన రాక్షసుణ్ణి అలాగే వదిలేసి
నేను స్విచ్చి కట్టేసేవాణ్ణి.

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ.
ఏలూరు రోడ్డు పక్క సందులో నాగుల్ మీరా కొట్టు.
గ్రాఫిక్స్ కార్డును పెట్టె పక్కన పెట్టి చూసి
"గంప కింద గేదెను కప్పుతానంటావ్" అన్నాడు.
స్కేలు తెచ్చి కొలిచాం.
మూడు మిల్లీమీటర్లు మిగిలింది.
ఆ మూడు మిల్లీమీటర్లకి అతనికి టీ ఇప్పించాను.

రాత్రి నేల మీద పాత దుప్పటి పరిచి
దుమ్ము రాలుస్తుందని సీలింగ్ ఫ్యాన్ ఆపేసి
చెమట బోర్డు మీద పడకుండా
నుదుటికి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాను.
ప్రాసెసర్ నెత్తిన మినప్పప్పు బద్దంత పేస్టు.
వైర్లను మూడు పాయలుగా అల్లి
వెనక రేకుకి అణిచి కట్టాను.
కార్డుకి వోల్టేజి కాస్త కోత పెట్టాను,
ఒక ముద్ద తక్కువ తింటే నిద్ర బాగా పడుతుందంటారే,
అలా.

తొంభై ఒకటి.
మొదటి రోజే తొంభై ఒక్క డిగ్రీలు.
చిన్న పెట్టె కదా, ఏడుపు కూడా సన్నగా, పదునుగా.
మూడు రోజులు ఏవేవో గీతలు దించాను, ఎక్కించాను.
నాలుగో రోజు అక్క లేచొచ్చింది.
తిడుతుందనుకున్నాను.
పెట్టె మీద అరచెయ్యి పెట్టి
కళ్ళు మూసుకుని కాసేపు నిలబడింది.

"ఇదేంట్రా, పైనుంచి లోపలికి ఊదుతోంది?
పైకి పోతానంటున్న వేడిని నెత్తిన కొడుతున్నావ్.
మా ఇంజిన్‌లో బ్లోయరు ఇలా బిగిస్తే
కృష్ణా కెనాల్ దాటకముందే ఆగిపోతాం."
అని వెళ్ళి మళ్ళీ పడుకుంది.

ఫ్యాన్ అంచు మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది.
ఇన్నాళ్ళూ నేను రంగు చూశాను, ధర చూశాను,
బాణం చూడలేదు.
ఎనిమిది మరలు విప్పి
రెండు ఫ్యాన్లనూ తిరగేశాను.

అరవై ఎనిమిది.
వెలుగుతోందో లేదోనని వంగి చూశాను.
కుళాయి చుక్క వినపడింది. యార్డులో బోగీలు
ఒకదాన్నొకటి తట్టుకోవడం వినపడింది.
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
మా ఫ్రిజ్ మీద నాకు కోపం వచ్చింది.

వానలు పడ్డాయి. వారం రోజులు ముసురు.
దండెం మీద ఏదీ ఆరదు.
అక్క డ్యూటీ గ్లవ్స్ ఉతికి
తిన్నగా తెచ్చి నా పెట్టె నెత్తిన పెట్టింది.
"మంచి వెచ్చటి గాలొస్తోందిరా."
తెర మూల అంకె ఎక్కడం మొదలెట్టింది:
డెబ్భై తొమ్మిది, ఎనభై, ఎనభై నాలుగు.
ఫ్యాన్లు గొంతు సవరించుకుంటున్నాయి.

తీయబుద్ధి కాలేదు.
ఆటలో నీడలు తగ్గించాను.
నీళ్ళ మీద మెరుపు తీసేశాను.
ఫ్రేములు అరవైకి దించుకున్నాను.

అక్క గోడవైపు తిరిగి పడుకుంది.
పెట్టె మీద గ్లవ్స్ వేళ్ళు
ఒక్కొక్కటే గాలి నింపుకుని
మెల్లిగా లేస్తున్నాయి.